పిల్లలతో ఇంట్లో తెలుగు డిక్టేషన్: పదిసార్లు రాయించే ముందు ఇది ఒకసారి చూడండి

మావాడు మూడో క్లాసు. పోయిన ఏడాది హాఫ్ ఇయర్లీ పేపర్లు ఇచ్చినప్పుడు తెలుగు పేపర్ చూసి నాకు నిజంగా ఏడుపొచ్చింది, ఎందుకంటే జవాబులన్నీ వాడికి తెలుసు, నోటితో అడిగితే గడగడా చెప్పేస్తున్నాడు, రాసిన దాంట్లో మాత్రం పిట్ట బదులు "పిట", భూమి బదులు "బుమి", పుస్తకం బదులు "పుష్తకం", ప్రతి లైన్ కిందా ఎర్ర గీతే. అందరూ చేసేదే నేనూ చేశా, తప్పు పోయిన ప్రతి మాటా పదేసిసార్లు రాయమన్నా. కూర పొయ్యి మీద పెట్టి వచ్చి చూస్తే మొదటి రెండుసార్లు "భూమి" అని బాగానే రాశాడు, మూడోసారి దీర్ఘం ఎగిరిపోయింది, అక్కడ్నుంచి పై లైన్ చూసి కింద లైన్ రాసుకుంటూ పోయాడు, అంటే ఎనిమిదిసార్లు తప్పునే బాగా ప్రాక్టీస్ చేశాడన్నమాట. ఇంపోజిషన్‌కి ఆరోజే దణ్ణం పెట్టేశా.

తర్వాత చేసిన పని ఏంటంటే, ఒక పాత నోట్స్ తీసుకుని వాడి పేపర్‌లో, క్లాస్ వర్క్‌లో ఉన్న తప్పులన్నీ వరసగా రాసుకున్నా, ఓ నలభై దాకా వచ్చాయి. అప్పుడు అర్థమైంది, తప్పులన్నీ ఒక జాతివి కావు. కొన్ని సరిగ్గా వినకపోవడం వల్ల వచ్చినవి, కొన్ని చెయ్యి తడబడి వచ్చినవి, ఇంకొన్ని ఎంత చెవులు రిక్కించినా వినపడనివి, ఎందుకంటే ఆ తేడా మనమే పలకం. మూడింటికీ కలిపి ఒకటే మందు వేస్తున్నాం, అదే పదిసార్లు రాయడం. మీరు కూడా ముందు ఈ లిస్టు పని చెయ్యండి, అరగంట పడుతుంది, మీ పిల్లల తప్పుల్లో ఏ జాతి ఎక్కువుందో తెలిసిపోతుంది.

ముందు వినే సంగతి. దీర్ఘాలు, ఒత్తులు మింగేసే పిల్లలకి పెన్ను ఇవ్వకుండా వారం రోజులు నోటితోనే చేయించండి. మా ఇంట్లో మాటల జంటలు పెట్టుకున్నాం, పదం - పాదం, దరి - దారి, గడి - గాడి, కొన - కోన, పిట్ట - పీట, చెట్టు - చేటు. నేను ఒకటి అంటా, వాడు దాని అర్థం చెప్పాలి లేదా చూపించాలి, అంతే. పీట అంటే వంటింట్లో పీట చూపించాలి, పిట్ట అంటే కిటికీ బయటికి. పిట్ట అనేటప్పుడు "పిట్" దగ్గర నోరు ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, ఆ ఆగడమే ఒత్తు. పీటలో ఆగం, సాగదీస్తాం. ఇది వాడికి తెలిసిన రోజున "పిట" అని రాయడం దాదాపు ఆగిపోయింది, నేను రాయించింది ఏం లేదు.

ఇంగ్లీషులో స్పెల్లింగ్ పైకి చదివినట్టు మనకి లేదు అనుకుంటారు గానీ మనకీ ఉంది, మన అమ్మమ్మలు చదివింది అదే, కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి, కకు గుడిదీర్ఘమిస్తే కీ, కకు కొమ్మిస్తే కు. ఇప్పుడు స్కూళ్ళల్లో గుణింతం పట్టిక చూసి రాయిస్తున్నారు తప్ప ఇలా పాటలా అనిపించడం తగ్గిపోయింది. మేం ఆటోలో స్కూల్‌కి వెళ్తూ చేస్తాం, నేను "భూమి" అంటే వాడు "భకు కొమ్ముదీర్ఘమిస్తే భూ, మకు గుడిస్తే మి" అనాలి. ఆటో అన్న కూడా ఒకరోజు "కిరాణా" అని మాట ఇచ్చాడు. గుడి, కొమ్ము, ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం ఈ పేర్లు నోటికి వస్తే రాసేటప్పుడు తప్పు ఎక్కడుందో చెప్పడం తేలిక, "తప్పు రాశావ్" అనే బదులు "ఏత్వం పెట్టాల్సిన చోట ఎత్వం పెట్టావ్" అనొచ్చు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మనం "ఒత్తు" అనే మాట రెండిటికీ వాడతాం. ధ, భ, ఘ లాంటి వాటిని ఒత్తక్షరాలు అంటాం, అక్షరం కింద వేలాడేసే దాన్నీ ఒత్తే అంటాం. నేను "బాధ, ఒత్తు ద" అంటే వాడు ద కింద ఇంకో ద ఒత్తు పెట్టి "బాద్ద" చేశాడు, వాడి తప్పేముంది అందులో, నేను చెప్పిందే రాశాడు. అందుకని మా ఇంట్లో ఇప్పుడు ధని "కింద గీత ధ" అంటాం, థని "చుక్క థ" అంటాం, కింద వేలాడేదాన్ని మాత్రమే ఒత్తు అంటాం.

రెండో జాతి చెయ్యి తప్పులు. మ, య తారుమారు, ప, వ తారుమారు, "వు" రాయబోయి "మ" రాయడం, ఇవి మొదటి రెండు తరగతుల్లో అందరికీ ఉంటాయి, కంగారు పడకండి. వీటికి పలక బెస్ట్. ఇప్పటికీ స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది, పలక మీద పెద్దగా రాస్తాడు, తప్పు పోతే చెరిపేస్తాడు, నోట్స్‌లోలాగా కొట్టివేతలు కనపడవు కాబట్టి భయం ఉండదు. వారానికి ఒక్క జంట మాత్రమే తీసుకోండి, మ - య ఒక వారం, ప - వ ఇంకో వారం. అన్నీ ఒకేసారి పెడితే ఇంకా కలిపేస్తారు.

ఒత్తుల్లో చాలావరకు అసలు అక్షరానికి తలకట్టు తీసేస్తే సరిపోతుంది, ద ఒత్తు, ప ఒత్తు, డ ఒత్తు అలాగే ఉంటాయి. కానీ త, న, మ, య, ర, ల ఈ ఆరింటి ఒత్తులు అసలు అక్షరంలా కనపడనే కనపడవు, పైగా ఇవి తెలుగులో తరచుగా వచ్చేవే, అత్త, అన్న, అమ్మ, అయ్య, చక్రం, పిల్ల. ఈ ఆరు మాటలూ ఒక చార్టు మీద రాసి ఫ్రిజ్‌కి అంటించా. ఎక్కువగా ఇంట్లో ఉన్నవాళ్ళని పిలిచే మాటలే కాబట్టి అత్త ఒత్తు, అన్న ఒత్తు అని పిలుస్తాడు వాడు, త ఒత్తు ఏదిరా అంటే తెలీదు, అత్త ఒత్తు అంటే రాసేస్తాడు.

ఇంకోటి, ఇది పెద్దవాళ్ళకి అసలు తట్టదు. "వస్తారు" అనే మాట తీసుకోండి. నోట్లో ముందు స్, తర్వాత త, ఆ తర్వాత దీర్ఘం వస్తుంది. రాసేటప్పుడు మాత్రం దీర్ఘం పైనున్న సకి తగిలించాలి, త ఏమో కిందకి పోతుంది. అంటే చెప్పే వరుస వేరు, రాసే వరుస వేరు. పిల్లాడు చెవిని నమ్ముకుని "వసతారు" అని రాస్తాడు, లేదంటే "వసాత్రు" అని ఏదో చేస్తాడు. దీనికి "సాకి త ఒత్తిస్తే స్తా" అని నోటితో అనిపించుకుంటూ చెయ్యి నడిపించాలి. వస్తారు, చేస్తారు, పుస్తెలు, మిత్రుడు, అక్కా, చెప్పు, ఇలా రోజుకి మూడు. ఇది మాకు నెల పట్టింది, పట్టనివ్వండి.

అసలు కష్టం మూడో జాతి. పుస్తకం, భూమి, కష్టం, బాధ. వీటిల్లో వాడు విన్నది విన్నట్టే రాశాడు. నేను బూమి అనే అంటా, మావారూ బూమి అనే అంటారు, మా ఇంట్లో భ గట్టిగా పలికేది మా మామయ్యగారొక్కరే, ఆయన పద్యాలు చదువుకున్న మనిషి. అందుకే ఇలాంటి మాటలకి డిక్టేషన్ ఆయన్నే చెప్పమంటాం, తాతయ్య నోటి నుంచి వస్తే ఆ తేడా వినపడుతుంది, కనీసం ఆ పది నిమిషాలైనా. మీ ఇంట్లో అలాంటివాళ్ళు ఎవరైనా ఉంటే వదులుకోవద్దు. లేకపోతే వినడం మీద ఆశ వదిలేసి మాటల్ని గుంపులు గుంపులుగా నేర్పించడమే.

గుంపుల్లో నాకు బాగా పనిచేసింది స, శ, ష. ఒత్తుతో కలిసొచ్చే చోట మూడూ ఎక్కడ పడితే అక్కడ రావు, పక్కన కలిసింది ఏ అక్షరమో దాన్నిబట్టి వస్తాయి. ట, ఠ, ణ పక్కన ఉంటే ష: కష్టం, ఇష్టం, నష్టం, నిష్ఠ, కృష్ణ, ఉష్ణం. త, థ పక్కన ఉంటే స: పుస్తకం, వస్తువు, హస్తం, స్థలం. చ పక్కన ఉంటే శ: ఆశ్చర్యం, పశ్చిమం, నిశ్చయం. ఎందుకంటే ట అనేటప్పుడు నాలుక పైకి మడుస్తాం, ష కి కూడా అంతే, త అనేటప్పుడు పళ్ళకి తగులుతుంది, స కూడా అక్కడిదే. అద్దం ముందు నిలబెట్టి "ట, ష, ట, ష" అనిపించండి, నవ్వుతారు గానీ గుర్తుంటుంది. "పుష్తకం" పోయింది ఈ దెబ్బతోనే. కాకపోతే మాస్టారు, స్టూలు, బస్టాండు లాంటి ఇంగ్లీషు మాటలకి ఈ లెక్క వర్తించదు, వాటికి స్ట నే.

తర్వాత ద్ద, ద్ధ గొడవ. పెద్ద, ముద్ద, ఎద్దు, వద్దు ఇవి అచ్చతెలుగు మాటలు, అచ్చతెలుగులో ఒత్తక్షరాలు దాదాపు ఉండవు, కాబట్టి ద్ద. శ్రద్ధ, బుద్ధి, యుద్ధం, సిద్ధం, పద్ధతి ఇవి సంస్కృతం నుంచి వచ్చినవి, వీటికి ద్ధ. మూడో క్లాసు పిల్లాడికి సంస్కృతం అనేది ఎలా చెప్తాం అంటారా, మేం "అమ్మమ్మ ఊళ్ళో మాట", "గుళ్ళో పంతులుగారి మాట" అని చెప్పుకుంటాం, ముద్ద అమ్మమ్మ మాట, శ్రద్ధ పంతులుగారి మాట, నూటికి నూరుపాళ్ళు కుదరదు గానీ చాలావరకు సరిపోతుంది. కుదరని వాటిల్లో ముఖ్యమైనది ఉద్దేశం, పంతులుగారి మాటే కానీ ద్ద నే, "ఉద్ధేశం" అని రాస్తే తప్పు. అటువైపు నుంచి నలభై, యాభై, ఎనభై మన మాటలే అయినా భ వచ్చి కూర్చుంది. ఇలాంటి మొండి మాటలు వేరే చీటీ మీద.

న, ణ కి కూడా ఒక లెక్క ఉంది, ఇది నాలుగైదు తరగతులు వచ్చాక చెప్పండి, ముందే చెప్తే బుర్ర తింటారు. సంస్కృతం మాటల్లో ముందు ర గానీ ష గానీ ఋ గానీ వస్తే తర్వాత వచ్చే న మామూలుగా ణ అవుతుంది: కారణం, పురాణం, రామాయణం, ప్రయాణం, భూషణం, తృణం. కానీ మధ్యలో చ, జ, త, థ, శ లాంటివి అడ్డం పడితే న గానే ఉండిపోతుంది: రచన, అర్జునుడు, ప్రార్థన, దర్శనం. గుణం, గణితం, వీణ, కోణం, బాణం ఇవి లెక్కలోకి రావు, గుర్తుపెట్టుకోవాల్సిందే. ల, ళ కి మాత్రం మన తెలుగు లెక్కే, ఒకటైతే ఇల్లు, ఎక్కువైతే ఇళ్ళు, ఒకటైతే కాలు, రెండైతే కాళ్ళు. ళ్ళు రాయాలా ళ్లు రాయాలా అని కొట్టుకోకండి, రెండూ అచ్చులో కనపడతాయి, మీ టీచర్ ఏది రాయిస్తే అది.

కృ, క్రు కూడా ఇలాంటిదే, చెవికి ఒకేలా ఉంటాయి. కృష్ణ, ప్రకృతి, గృహం, మృగం, వృక్షం, హృదయం, సృష్టి వీటికి వట్రసుడి, శత్రువు, మిత్రుడు, క్రూరం, ధ్రువం వీటికి క్రావడి, అంటే ర ఒత్తు. శ్రుతి అనే పేరున్న పిల్ల క్లాసులో ఉంటే ఆ పేరు "శృతి" అని రాయడం చూసే ఉంటారు, సరైనది శ్రుతి, కానీ వాళ్ళ ఆధార్ కార్డులో ఎలా ఉంటే అలాగే రాయనివ్వండి, ఆ గొడవ మనకొద్దు.

రూల్ దొరకని వాటికి చిన్న చిన్న కొండగుర్తులు. అర్థం, అర్ధం రెండూ ఉన్నాయి కదా, లోపల చుక్క ఉన్న అర్థం అంటే మీనింగ్, చుక్క లేని అర్ధం అంటే సగం, అర్ధరాత్రి, అర్ధరూపాయి. బాధలో మొదటిది మామూలు బ, రెండోదే ధ, పెద్దవాళ్ళే వాట్సాప్ స్టేటస్‌లో "భాద" అని పెట్టుకుని బాధపడుతుంటారు. జ్ఞానంని మనం గ్నానం అంటాం, బ్రహ్మని బ్రమ్హ అంటాం, చిహ్నంని చిన్హం అంటాం, వీటికి "నోటి మాట ఒకటి, చేతి మాట ఒకటి" అని ముందే చెప్పేస్తే పిల్లలకి అన్యాయం జరిగినట్టు అనిపించదు.

సరే రోజూ ఏం చేస్తాం అంటే, సాయంత్రం పాలు తాగాక పది నిమిషాలు, పదకొండో నిమిషం ఉండదు. ఐదు మాటలు, అందులో మూడు పాతవి, రెండు కొత్తవి. కొత్త మాట ఒకసారి చూసి, నోటితో గుడి కొమ్ము అన్నీ చెప్పి, మూసేసి, రాసి, తెరిచి తనే చూసుకోవాలి. నేను దిద్దను. తనే చూసుకుని తప్పు ఉన్న అక్షరం ఒక్కదానికే పెన్సిల్‌తో సున్న చుడతాడు, మాట మొత్తం కొట్టెయ్యడు, ఎందుకంటే "పుష్తకం"లో మూడు అక్షరాలకి రెండు కరెక్టే కదా. కరెక్ట్‌గా రాసిన మాట మర్నాడు మళ్ళీ అడుగుతా, తర్వాత మూడు రోజులాగి, తర్వాత వారానికి. మధ్యలో మర్చిపోతే మళ్ళీ మొదటికి. ఒకేరోజు పదిసార్లు రాసిన దానికన్నా పది పన్నెండు రోజుల్లో నాలుగుసార్లు గుర్తు చేసుకుని రాసింది మావాడికి నిలబడింది.

మాట చెప్పేటప్పుడు విడిగా కాకుండా వాక్యంలో పెట్టి చెప్పండి, "కల. రాత్రి నాకు కల వచ్చింది. కల." లేకపోతే కలో కళో వాడికెలా తెలుస్తుంది. సాగదీసి సాగదీసి చెప్పకండి, మనం సాగదీస్తే లేని దీర్ఘాలు పెట్టేస్తారు.

శనివారం వాడు నాకు డిక్టేషన్ చెప్తాడు. నేను కావాలని మూడు తప్పులు రాస్తా, వాడు పట్టుకోవాలి. ఒకసారి మామయ్యగారు పేపర్ తీసుకుని నాలుగోది పట్టుకున్నారు, అది నేను కావాలని రాసింది కాదు, "సాంప్రదాయం" అని రాశా, సంప్రదాయం అనాలిట, సాంప్రదాయిక అన్నప్పుడే దీర్ఘమట. ఎమ్మే చదివిన కోడలి తప్పు దొరికిందని ఆయనా, అమ్మ తప్పు దొరికిందని వీడూ రెండ్రోజులు పండగ చేసుకున్నారు. అనుమానం వస్తే ఆంధ్రభారతి సైట్‌లో నిఘంటువులు ఉన్నాయి, మాట కొట్టి చూసుకోవచ్చు, మేం ఇప్పుడు అలాగే తేల్చుకుంటున్నాం.

అన్నిటికన్నా బాగా పనిచేసింది మాత్రం కిరాణా చీటీ. నెల సామాన్లు వాడే రాస్తాడు, నేను చెప్తా. కందిపప్పు, మినప్పప్పు, జీలకర్ర, ధనియాలు, గోధుమపిండి, బెల్లం, నువ్వులు, ఎండుమిర్చి, చింతపండు. ఒక్కసారి చూడండి ఎన్ని పాఠాలున్నాయో, ప ఒత్తు, ర ఒత్తు, ల ఒత్తు, వ ఒత్తు, కింద గీత ధ రెండుసార్లు, సున్న మూడు నాలుగు రకాలుగా. శనగపప్పు కొందరు సెనగపప్పు అని రాస్తారు, అది తప్పు కింద లెక్కపెట్టకండి. అలాగే ఇంట్లో యాస. మా పక్క ఫ్లాట్‌లో కరీంనగర్ వాళ్ళ పాప "అన్న వస్తుండు" అని రాసింది, అది అక్షర దోషం కాదు, వాళ్ళింటి మాట, అక్షరాలన్నీ కరెక్ట్‌గానే ఉన్నాయి. పరీక్షలో పుస్తకం భాష అడుగుతారు అని చెప్పొచ్చు, తప్పు అని ఎర్ర సున్న మాత్రం చుట్టొద్దు.

ఈ తెలుగు గొడవ మనకెందుకు, ఇంగ్లీష్ మీడియమే కదా అనేవాళ్ళకి ఒక మాట, తెలంగాణలో 2018లో తెలుగు తప్పనిసరి చట్టం వచ్చింది, ఏ బోర్డు స్కూలైనా పదో తరగతి దాకా తెలుగు చదవాల్సిందే, కాబట్టి ఎలాగూ తప్పదు. మా తమ్ముడు వాళ్ళు డల్లాస్‌లో ఉంటారు, వాళ్ళ పాప వీకెండ్‌లో తెలుగు నేర్పే మనబడికి వెళ్తుంది, దానికి శ, స కాదు సమస్య, త, ట తేడా, ద, డ తేడా. అక్కడ పుట్టిన పిల్లల చెవికి రెండూ ఒకటే. వీడియో కాల్‌లో నాలుక చూపించమంటా, పళ్ళకి తగిలితే త, పైకి మడిస్తే ట, తాత - టాటా, పది - పడి అనిపిస్తా, అక్షరాల జోలికి తర్వాత పోతాం.

ఒక్క విషయం మాత్రం సీరియస్‌గా. మూడు నాలుగు నెలలు ఇలా కూర్చున్నా పిల్లలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అక్షరాలు తారుమారు చేస్తూ, చదవడం కూడా తడుముకుంటూ ఉంటే బద్ధకం అని తిట్టకండి. ముందు కళ్ళు, చెవులు చూపించండి, టీచర్‌తో మాట్లాడండి, డిస్‌లెక్సియా ఉందేమో తెలిసినవాళ్ళతో టెస్ట్ చేయించండి, అది తెలివికి సంబంధించింది కాదు, నేర్పించే పద్ధతి వేరేగా ఉంటుంది అంతే.

మావాడి సంగతి అంటే, మొన్న ఆదివారం కిరాణా చీటీలో పదహారు సామాన్లకి రెండే తప్పులు, "జిలకర్ర", "దనియాలు". షాపాయన రెండూ మాట్లాడకుండా కట్టి ఇచ్చేశాడు. వీడు ఇంటికొచ్చి చీటీ తిరగేసి తనే చూసుకుని, కింద గీత ఒకటి గీసి, "అంకుల్‌కి కూడా ధ రాదు అమ్మా" అన్నాడు. జీ సంగతి మాత్రం ఇంకా కనిపెట్టలేదు, నేను చెప్పలేదు.